ముత్తాతకు ఏడేళ్ళ వయసులో కూతురు పుట్టిందట! మా వంశవృక్షంలో తప్పెక్కడుందో తేల్చేదెలా?

■ దివిసీమ_మనవడు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది దివిసీమలో ఒక పల్లె. 2019 సంక్రాంతికి మా పెదనాన్నగారి అబ్బాయి మా ఇంటిపేరు వాళ్ళందరి వంశవృక్షాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి పంచాడు. ఊరూరా తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాసుకున్నాడు. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. మొన్న మా అమ్మాయికి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టు ఇస్తే ఆ పుస్తకం తీసి పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. ఒక చోట సాఫ్ట్‌వేర్ ఎర్రగుర్తు పెట్టింది. ఏమిటా అని చూస్తే, పెద్ద కూతురు పుట్టేనాటికి మా ముత్తాత వయసు ఏడేళ్ళు!

ఆయన అసలు పేరు ఇక్కడ పెట్టను, సుబ్బయ్య అనుకోండి. పుస్తకం ప్రకారం 1864 బందరు ఉప్పెన రాత్రి పుట్టాడు, 1941లో పోయాడు. ఇద్దరు భార్యలు, తొమ్మిదిమంది సంతానం. పెద్ద కూతురు పుట్టింది 1871లో. ఉప్పెన కథ మా ఇంట్లో పిల్లలకు కూడా వచ్చు: నిండు చూలాలిని మిద్దె మీదికి ఎక్కించారనీ, తెల్లారేసరికి బిడ్డ ఏడుపు వినిపించిందనీ.

మా దగ్గర మిగిలిన పాత కాగితం ఒకటే, 1894 నాటి క్రయ దస్తావేజు. అందులో సుబ్బయ్య వయసు 45 అని ఉంది. అలా చూస్తే 1849లో పుట్టి ఉండాలి. ఉప్పెన కథ అబద్ధమా, దస్తావేజు అబద్ధమా? అన్నయ్యను అడిగితే "పెద్దవాళ్ళు చెప్పిందే రాశాను, నువ్వు ఎర్రగుర్తులు చూసి టెన్షన్ పడకు" అన్నాడు.

■ డాలస్_బాబాయ్ (ఆదివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, 1871ని 1891 చేసెయ్. అచ్చుతప్పు అయ్యుంటుంది. ఎర్రగుర్తు పోతుంది, అమ్మాయికి మార్కులొస్తాయి.

■ పాత_దస్తావేజు (ఆదివారం, రాత్రి 11:02)

అయ్యా బాబాయ్ గారూ, అంత పని చెయ్యకండి. వంశవృక్షాలు పాడయ్యేది సరిగ్గా ఇలాగే. లెక్క కుదరలేదని అంకె దిద్దేస్తాం. పదేళ్ళ తర్వాత ఇంకొకరు దాన్ని చూసి, ఏదో కాగితం చూసే రాశారనుకుంటారు. అప్పటికి అసలు సంగతి చెప్పేవాళ్ళు ఉండరు.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. ఒక మాట ముందే చెప్తాను. పాత దస్తావేజుల్లో వయసును నమ్మకండి. ఎదురుగా కూర్చున్న మనిషిని "ఎన్నేళ్ళయ్యా?" అంటే "రాసుకోండి, ఓ నలభై అయిదు" అనేవాడు. ముప్పై, ముప్పై అయిదు, నలభై, ఇలాగే ఉంటాయి. నలభై మూడు అని చెప్పినవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఆ 45 నిజంగా 40 కావచ్చు, 50 కూడా కావచ్చు. కానీ ముప్పై ఏళ్ళవాణ్ణి చూసి 45 అని ఎవరూ రాయరు. 1864లో పుట్టిన మనిషికి 1894లో ముప్పయ్యే కదా.

వయసు సంగతి వదిలేసి దాని పక్కన ఉన్నది చదవండి. "ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు" అని ఉంటుంది. అక్కడ తండ్రి పేరేముంది? మీ పుస్తకంలో సుబ్బయ్య తండ్రి ఎవరు?

■ దివిసీమ_మనవడు (సోమవారం, ఉదయం 7:20)

రాత్రి పడుకోబోతూ మీ పోస్టు చూసి లేచి బీరువా తీశాను. దస్తావేజులో "రామయ్య కుమారుడు" అని ఉంది. పుస్తకంలో సుబ్బయ్య తండ్రి లక్ష్మయ్య. ఇన్నాళ్ళూ నేనిది గమనించనే లేదు! అన్నయ్యకు ఫోన్ చేస్తే "రామలక్ష్మయ్య అయ్యుంటుందిలే, ఒకరు సగం పిలిచారు, ఇంకొకరు మిగతా సగం పిలిచారు" అన్నాడు.

■ ఇత్తడి_బిందె (సోమవారం, ఉదయం 10:05)

మీ అన్నయ్యగారు తెలివైనవారే గానీ ఆ అతుకు నిలవదండీ.

మాది విజయనగరం వైపు. మా తాతల తరంలో ఒక్క ఇంటిపేరులో అయిదుగురు అప్పన్నలున్నారు. ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టాలి. తాతకు ఇద్దరు కొడుకులుంటే ఇద్దరూ తమ పెద్ద కొడుక్కి అదే పేరు పెట్టుకుంటారు. ముందు పుట్టినవాడు పెద అప్పన్న, తర్వాతవాడు చిన అప్పన్న, మధ్యలో ఇంకొకడు పుడితే నడిపి అప్పన్న. వాళ్ళు బతికున్నంతకాలం ఊళ్ళో ఎవరికీ తికమక ఉండదు. పోయాక పెద, చిన ఊడిపోయి అందరూ ఒట్టి అప్పన్నలే మిగుల్తారు.

మీ రామయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములేమో చూడండి. పేర్లు కూడా రామలక్ష్మణుల్లా ఉన్నాయి. వాళ్ళ తండ్రి పేరు సుబ్బయ్యేనా?

■ దివిసీమ_మనవడు (సోమవారం, ఉదయం 10:31)

పుస్తకంలో అన్నిటికన్నా పైనున్న పేరు సుబ్బయ్యే. ఆయనకు లక్ష్మయ్య ఒక్కడే కొడుకని రాశారు. ఒళ్ళు జలదరించింది.

■ డాలస్_బాబాయ్ (సోమవారం, ఉదయం 10:50)

సరే, ఒప్పుకున్నాను. మరి ఆ 1871 ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తప్పయితే కథ మళ్ళీ మొదటికొస్తుంది కదా.

■ దివిసీమ_మనవడు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

అన్నయ్య దగ్గర ఒక జాతక చక్రం ఉంది. సగం చిరిగిన కాగితం. "ప్రజోత్పత్తి నామ సంవత్సర శ్రావణ" అన్నంతవరకు ఉంది, తర్వాత చెదలు తినేశాయి. ఆ అమ్మాయి పేరు, "సుబ్బయ్య పుత్రిక" అనే మాట మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ప్రజోత్పత్తిని అన్నయ్య 1871 అని లెక్కకట్టాడు. 1931 కూడా ప్రజోత్పత్తే కదా అని నాకు అనుమానం.

■ తిథి_వారం (సోమవారం, సాయంత్రం 6:40)

చక్రం గళ్ళు మిగిలి ఉన్నాయా? ఉంటే రాహువు ఏ రాశిలో ఉన్నాడో చెప్పండి.

ఎందుకు అడుగుతున్నానంటే, అరవై ఏళ్ళకు గురువు అయిదు చుట్లు, శని రెండు చుట్లు దాదాపుగా పూర్తిచేస్తారు. అందువల్ల అరవై ఏళ్ళ తేడా ఉన్న రెండు చక్రాల్లో వాళ్ళిద్దరూ అదే రాశిలోనో, పక్క రాశిలోనో కనిపిస్తారు. వాళ్ళను చూసి ఏ ప్రజోత్పత్తో చెప్పలేం. 1871 శ్రావణంలోనూ, 1931 శ్రావణంలోనూ శని ధనుస్సులోనే ఉన్నాడు. రాహువుది పద్దెనిమిదిన్నర ఏళ్ళ చుట్టు, అరవైకి సరిపోదు, రెండు మూడు రాశులు జరిగిపోతాడు. 1871 శ్రావణంలో మిథునం, 1931 శ్రావణంలో మీనం. ఫలితాల మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా తేదీ పట్టుకోవడానికి చక్రం బంగారం లాంటి కాగితం.

ఇంకో సంగతి. మన సంవత్సరం ఉగాదికి మారుతుంది. పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్ళకు ఇంగ్లిషు సంవత్సరం చాలామట్టుకు తర్వాతిదవుతుంది. "ధాత సంవత్సరం మాఘమాసం" అంటే 1876 కాదు, 1877 మొదట్లో. ధాత కరువులో పుట్టారని చెప్పుకునే రాయలసీమ కుటుంబాల లెక్కల్లో ఈ ఒక్క ఏడాది తేడా నాకు తరచుగా కనిపిస్తుంది.

■ దివిసీమ_మనవడు (సోమవారం, రాత్రి 8:55)

అన్నయ్య ఫోటో పంపాడు. "రా" అన్న అక్షరం మిథునంలో ఉంది!!

■ తిథి_వారం (సోమవారం, రాత్రి 9:10)

అయితే 1871 ఖాయం. మీ అన్నయ్యగారి లెక్క సరైనదే, ఆ మాట ఆయనకు చెప్పండి. ఆ అమ్మాయి ఉప్పెననాడు పుట్టిన సుబ్బయ్య కూతురు కావడానికి మాత్రం వీల్లేదు.

■ రాయల_వంశం (మంగళవారం, ఉదయం 8:30)

మా ఇంట్లో పద్దెనిమిది తరాల వంశవృక్షం ఉంది. కృష్ణదేవరాయల సైన్యంలో దళనాయకుడితో మొదలవుతుంది. ఇలాంటి గందరగోళాలు మాకు లేవు. అసలు ఒక్క మన కులంలోనే ఇంత పద్ధతిగా...

■ నిర్వాహకుడు (మంగళవారం, ఉదయం 8:52)

పై పోస్టులో సగం తీసేశాను. కులాల గొప్పలు ఈ వేదికలో వద్దని నియమావళి మొదటి వాక్యంలోనే ఉంది. వంశవృక్షం గురించి మాట్లాడండి.

■ పాత_దస్తావేజు (మంగళవారం, ఉదయం 9:30)

రాయల_వంశం గారూ, కోప్పడకుండా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. పద్దెనిమిది తరాల్లో మీరు కాగితం చూసి రాసినవి ఎన్ని, విని రాసినవి ఎన్ని?

■ రాయల_వంశం (మంగళవారం, మధ్యాహ్నం 12:10)

కాగితం ఉన్నవి అయిదు. మిగతావి మా ఊరికి వచ్చే పిచ్చుకుంట్లవాళ్ళు చెప్పినవి. వాళ్ళు తరతరాలుగా మా గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడి కథ పాడతారు. అది అబద్ధమంటారా?

■ కాకతీయ_తోరణం (మంగళవారం, మధ్యాహ్నం 12:45)

అబద్ధమని ఎవరన్నారన్నా? ఇప్పుడు వాళ్ళను వంశరాజ్ అని రాస్తున్నారు, ఆ పేరులోనే వాళ్ళ పనేమిటో ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గొల్లలకు మందెచ్చులవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు ఇట్లనే ఉంటారు. ఒక ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ ఇంటిపేర్లు ఒకే గోత్రం అన్న ముచ్చట్లు వాళ్ళ దగ్గర మస్తు దొరుకుతాయి. కానీ పాట పాడేటప్పుడు మధ్యలో రెండు తరాలు జారిపోయినా పాట ఆగదు కదా. ఆ పదమూడు తరాల పక్కన "విన్నది" అని ఒక్క మాట రాసుకోండి, అంతే. దాంతో మీ పరువేం పోదు.

ఇగ మా ఇంటి సంగతి. హన్మకొండ దగ్గర మా బాపు వాళ్ళ ముత్తాత తన కోడలి పేరు మీద భూమి రాసిన ఉర్దూ కాగితం ఉంది. తారీఖు 1343 ఫసలీ (అప్పటి శిస్తు లెక్కల సంవత్సరం), తీర్ నెల. ఫసలీకి 590 కలపాలని ఎవరో చెప్తే 1933 అని రాసుకున్నాం. తీరా చూస్తే ఆమె పెళ్ళి అయింది 1934 ఫిబ్రవరిలో. పెళ్ళికి ముందే కోడలెట్లయింది? దాని మీద మా మేనత్తలు ఒక కథ కూడా అల్లేశారు. తర్వాత ఒక పాత ఉర్దూ సార్‌కు చూపిస్తే నవ్విండు. నిజాం రాజ్యంలో ఫసలీ ఆజూర్‌తో మొదలవుతుంది, అది అక్టోబరులో వస్తుంది. తీర్ అంటే మే నెల. జనవరి నుంచి 590 కాదు, 591 కలపాలి. అట్లా అది 1934 మే అయింది, మేనత్తల కథ కంచికి పోయింది.

ఆంధ్ర వైపు కూడా ఫసలీ ఉంది గానీ అక్కడ జులై ఒకటిన మొదలవుతుంది. రెండింటినీ కలపొద్దు.

■ గుండ్లకమ్మ (మంగళవారం, రాత్రి 7:30)

ఇక్కడ అందరూ దస్తావేజులు, పట్టాలు అంటున్నారు. సెంటు భూమి లేనివాళ్ళకు దస్తావేజు ఎక్కడిది, జాతకం ఎవరు రాశారు? మాది ఒంగోలు పక్క. మా ముత్తవ్వ తరం వాళ్ళ పేర్లు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది చర్చి పుస్తకంలోనే.

మా ఇంట్లోనూ ఒక ఉప్పెన కథ లాంటిది ఉంది. ధాత కరువు తర్వాత, 1878 జులై 3న మిషనరీ క్లౌ దొర ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పని ఒప్పుకుని మా వాళ్ళకు కూలి చూపించింది కూడా ఆయనే. మా తాత "మా తాత ఆ 2,222 మందిలో ఒకడు" అని చెప్పేవాడు. నా పెళ్ళప్పుడు పాస్టరమ్మగారు కూడా అదే చెప్పారు. మూడేళ్ళ కిందట మా సంఘం పాత సభ్యుల పుస్తకం తిరగేస్తే ఆయన బాప్తిస్మం 1880 అని ఉంది. పక్కనే పాత పేరు, కొత్త పేరు, ఊరు, పాలెం అన్నీ ఉన్నాయి. మా ఇంటిపేరు ఇప్పుడు రాస్తున్నట్టు కాక వేరే అక్షరంతో ఉంది.

ముందు బాధేసింది. ఆలోచిస్తే, మా చుట్టుపక్కల ఎవరిని అడిగినా వాళ్ళ ముత్తాతలందరూ ఆ రోజే మునిగారు. పెద్ద సంగతి జరిగిన రోజుకు అందరూ తమవాళ్ళను దగ్గరగా జరుపుకుంటారు కాబోలు. మీ ఉప్పెన కూడా అలాంటిదేనేమో చూసుకోండి. ఉప్పెన ఏడాది పుట్టినవాడు ఉప్పెన రాత్రి పుట్టినవాడయ్యాడేమో.

■ దివిసీమ_మనవడు (మంగళవారం, రాత్రి 9:00)

గుండ్లకమ్మ గారూ, మీ మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి. మిద్దె ఎక్కించారని చెప్తారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో మిద్దె ఉందా అని నాకు ఇప్పుడు అనుమానం. పుస్తకంలో "ఉప్పెన రాత్రి" తీసి "1864 ఉప్పెన నాటికి పుట్టినట్టు ఇంట్లో చెప్తారు" అని మారుస్తాను.

■ ఇత్తడి_బిందె (మంగళవారం, రాత్రి 9:45)

ఆ పుస్తకంలో ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లు ఎన్ని ఉన్నాయి?

■ దివిసీమ_మనవడు (మంగళవారం, రాత్రి 9:52)

సున్నా. సుబ్బయ్య భార్యలు ఇద్దరూ "మొదటి భార్య", "రెండవ భార్య" అనే ఉన్నారు.

■ ఇత్తడి_బిందె (మంగళవారం, రాత్రి 10:20)

అనుకున్నాను. ఇద్దరు సుబ్బయ్యలైతే ఆ ఇద్దరు భార్యలు చెరొకరికి పంచుకుపోతారేమో! పాపం మీ ముత్తాతకు ఉత్తినే రెండో పెళ్ళి అంటగట్టారు.

ఆడవాళ్ళ కోసం పట్టా కాగితాలు వెతికి లాభం లేదు. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన దస్తావేజులుంటాయి, అందులో తండ్రి పేరు, ఊరు వస్తాయి. పెళ్ళి చదివింపుల పుస్తకాలు అటక మీద ఉంటాయి, ఏ ఊరి నుంచి ఎవరు ఎంత చదివించారో చూస్తే మేనమామలు ఎవరో తెలుస్తుంది. వీటన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది సారె సామాను. బిందెలు, గంగాళాలు, మరచెంబుల మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఒక్కోసారి సంవత్సరం కొట్టించేవారు. మా అమ్మమ్మగారి పుట్టింటి ఇంటిపేరు నాకు దొరికింది ఒక కాగుమీద. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

పేర్లను కూడా వినండి. ఇంట్లో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అనే పేర్లుంటే, అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కలేదేమోనని అడగండి. దక్కడం కోసం బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరు పెట్టేవాళ్ళు. ఏ పుస్తకంలోనూ రాయని పిల్లలు వాళ్ళు.

■ డాలస్_బాబాయ్ (బుధవారం, ఉదయం 6:30)

నేను కూడా నా పాపం చెప్పుకుంటాను. రెండేళ్ళ కిందట మా వంశవృక్షాన్ని అందరూ కలిసి దిద్దే ఒక ఉచిత వెబ్‌సైటులో పెట్టాను. ఎవరో పేరు తెలియని మనిషి, మా తాతనూ గోదావరి జిల్లాలో అదే పేరున్న ఇంకో ఆయన్నూ ఒకరేనని కలిపేశాడు. రాత్రికి రాత్రి మా నాయనమ్మకు సవతి వచ్చింది. విడదీయడానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే మొదటి రోజు మీకు అంకె దిద్దమని చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. ఇప్పుడు గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్లోనే పెట్టుకున్నాను. ఒక్కొక్క తేదీ కింద ఎక్కడ చూశానో రాసుకోవచ్చు.

డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించాను. ఒకావిడ నాకు రెండో కజిన్ అని వచ్చింది. ఎగిరి గంతేసి ఫోన్ చేస్తే మూడు తరాల వెనక్కి వెళ్ళినా ఉమ్మడి మనిషి దొరకలేదు. మనవాళ్ళలో మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు తరతరాలుగా ఉన్నాయి కదా. ఒకే పూర్వీకుడు నాలుగు దారుల్లో వస్తాడు. ఆ లెక్కలు మేనరికాలు లేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని కట్టినవి, మనకు చుట్టరికం ఉన్నదానికన్నా దగ్గరగా చూపిస్తాయి. నాకు డబ్బు దండగ అనిపించింది. మీ ఇష్టం.

బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, తల్లి పుట్టింటి ఇంటిపేర్లు మాత్రం బయట పెట్టకండి. బ్యాంకులు అడిగే ప్రశ్నలు అవే.

■ డర్బన్_నుంచి (బుధవారం, మధ్యాహ్నం 2:00)

ఈ చర్చ చూసి చేరాను. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. నా తోటి ఉద్యోగి ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, కానీ వాళ్ళింట్లో అమ్మోరికి కుంభం పోస్తారు. వాళ్ళ ముత్తాత కూలి ఒప్పందం మీద ఇక్కడికి, అంటే దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వచ్చాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి 1911 దాకా వచ్చిన వాళ్ళందరికీ ఓడల వారీగా జాబితాలున్నాయి. ఒక్కొక్కరికి ఒక వలస నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఈయన ముత్తాతది వైజాగపటం జిల్లా అని ఉంది. ఊరి పేరు ఇంగ్లిషులో ఎలా చదవాలో తెలియడం లేదు. విశాఖలో వెతకమని చెప్పనా?

■ ఇత్తడి_బిందె (బుధవారం, మధ్యాహ్నం 3:15)

విశాఖ ఒక్కచోటే వెతికితే దొరకదండీ. అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఇప్పటి విజయనగరం జిల్లా కూడా ఉంది. శ్రీకాకుళం మాత్రం 1936 దాకా గంజాం జిల్లాలోది. ఊరి పేరు స్పెల్లింగ్ ఇక్కడ పెట్టండి, దొర విన్నట్టు గట్టిగా పలికి చూద్దాం. మా వైపు "వలస", "పేట", "పాలెం" అని చివరొచ్చే ఊళ్ళు బోలెడు. తాలూకా పేరు తెలిస్తే సగం పని అయినట్టే.

■ పాత_దస్తావేజు (బుధవారం, సాయంత్రం 4:40)

జిల్లాల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా అందరికీ. ఊరి పక్కన ఇప్పటి జిల్లా పేరు రాసి ఊరుకోకండి. గుంటూరు జిల్లా 1904లో మళ్ళీ వచ్చింది, 1859 నుంచి అప్పటిదాకా తెనాలి, బాపట్ల కాగితాలన్నీ కృష్ణా జిల్లావే. ఒంగోలు 1970 దాకా గుంటూరులో ఉంది. కాగితంలో ఎలా ఉంటే అలా రాసి, పక్కన ఇప్పటి పేరు పెట్టండి.

దివిసీమ తమ్ముడూ, ఇక మీరు చేయవలసిన పని చెప్తాను. 1864 చట్టంతో వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. (మీ ఉప్పెన ఏడే!) అంతకన్నా చిన్నవి చాలామంది తెల్లకాగితం మీద రాసుకున్నారు, అవి దొరకవు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) 1983 కన్నా వెనక్కి పోదు, అక్కడ వెతికి లేదనుకోకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్లతో ఒక ఇండెక్సు, ఆస్తులతో ఇంకొక ఇండెక్సు ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకం, దాని ఇండెక్సు రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మీ 1894 దస్తావేజులో హద్దులు చూడండి. తూర్పున, దక్షిణాన ఎవరి భూమి ఉంది? అన్నదమ్ముల భూములు పక్కపక్కనే ఉంటాయి. తర్వాత పారీఖత్తు కోసం వెతకండి, అంటే పంపకాల దస్తావేజు. అన్నదమ్ముల పిల్లలందరూ ఒకే కాగితంలో, తండ్రుల పేర్లతో సహా కనిపించేది అందులోనే.

పాత సంపుటాలు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, మాటకూ మాటకూ ఎడం ఉండదు. మీకు చదవడం రాకపోతే నాకు పంపండి.

■ దివిసీమ_మనవడు (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 8:15)

ఆలస్యానికి క్షమించండి. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. మొదటిసారి వెళ్తే పాత పుస్తకాలు చూపించడం కుదరదన్నారు. రెండోసారి చట్టం మాట ఎత్తితే ఇండెక్సు తెచ్చారు.

హద్దుల విషయంలో పాత_దస్తావేజు గారి మాటే నిజమైంది. 1894 కాగితంలో "తూర్పు: చిన సుబ్బయ్య భూమి" అని ఉంది! ఇన్నేళ్ళు మా బీరువాలోనే ఉన్న కాగితం. నేను ఎప్పుడూ హద్దుల దాకా చదవలేదు.

పారీఖత్తు 1903లో దొరికింది. పంచుకున్నవాళ్ళు రామయ్య కుమారుడు పెద సుబ్బయ్య, లక్ష్మయ్య కుమారుడు చిన సుబ్బయ్య. పెద సుబ్బయ్యకు 55 అనీ, చిన సుబ్బయ్యకు 40 అనీ వయసు రాశారు. చిన సుబ్బయ్య వేలిముద్ర వేశాడు, పెద సుబ్బయ్య సంతకం పెట్టాడు. మా ముత్తాత చిన సుబ్బయ్య. 1871 అమ్మాయి పెద సుబ్బయ్య కూతురు, అంటే మా తాతకు సొంత అక్క కాదు, మేనత్త వరస కూడా కాదు, పెదనాన్న కూతురు. అన్నయ్య పుస్తకంలో తొమ్మిదిమంది పిల్లల్లో ఎవరు ఎవరి పిల్లలో ఇప్పుడు విడదీయాలి. నలుగురి సంగతి తేలింది. ముగ్గురు మా ముత్తాత పిల్లలే అనుకుంటున్నాను, కానీ అనుకోవడం వరకే, అలాగే రాసుకున్నాను. ఇద్దరి గురించి ఏమీ తెలియదు.

1941లో పోయింది ఎవరో కూడా తెలియదు. తద్దినం తిథి ఉంది, సంవత్సరం మా తాత చెప్పింది. 1903లో 55 ఏళ్ళ మనిషి 1941 దాకా ఉండాలంటే తొంభై మూడేళ్ళు బతకాలి. కాబట్టి చిన సుబ్బయ్యే అయ్యుండాలి. కాగితం మాత్రం లేదు.

■ కాకతీయ_తోరణం (అదే రాత్రి 8:40)

మీ అన్న ఏమన్నాడు?

■ దివిసీమ_మనవడు (అదే రాత్రి 9:05)

పారీఖత్తు నకలు పట్టుకుని ఇంటికే వెళ్ళాను, ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే పెద సుబ్బయ్యగారి వాళ్ళు మనవాళ్ళేగా, వాళ్ళెక్కడున్నారు?" అన్నాడు. పెద సుబ్బయ్య మనవళ్ళు గుడివాడ వైపు వెళ్ళారని ఎవరో అన్నారు. ఇప్పుడు ఆయన బండి తీసుకుని తిరుగుతున్నాడు. రోజూ నాకే ఫోన్ చేసి "హద్దులు చదివావా?" అంటున్నాడు. మిగిలిన పుస్తకాల్లో అతికించడానికి దిద్దుబాటు చీటీ కూడా అచ్చుకు ఇచ్చాడు.

ఇంకో కబురు. ఇక్కడి సలహా మీద మా అత్తయ్యను సారె సామాను గురించి అడిగాను. అటక మీద ఒక పాత గంగాళం ఉందట, అంచు మీద ఏవో అక్షరాలున్నాయట. "చిలుం పట్టి కనిపించడం లేదు, చింతపండు పెట్టి తోమి ఉంచుతాను, శనివారం రా" అంది.

■ ఇత్తడి_బిందె (అదే రాత్రి 9:07)

అయ్యో, తోమనివ్వకండి! ముందు ఫోన్ చెయ్యండి. చుక్కలతో కొట్టిన అక్షరాలు ఒకసారి గట్టిగా రుద్దితే ఉన్నవి కూడా పోతాయి. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, కాస్త బియ్యప్పిండి అద్ది, పక్క నుంచి టార్చి వేసి ఫోటో తియ్యండి.

■ దివిసీమ_మనవడు (అదే రాత్రి 9:16)

చేశాను. అప్పటికే నానబెట్టిందట. పక్కన పెట్టించాను. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను.